మనసుకో చిట్టా, ఓ ఆవర్జా



డైరీ గురించి మాట్లాడమన్నారు. జనవరిలో బీమా ఏజెంటో, ఎరువుల కొట్టాయనో ఇచ్చిన డైరీ మనందరి ఇళ్లలోనూ ఉంటుంది. సంక్రాంతి దాకా శ్రద్ధగా రాస్తాం. ఆపైన అందులో పాల లెక్కలే.

పాల లెక్కని తక్కువ చెయ్యట్లేదండి. తునిలో తరాలుగా వ్యాపారం చేస్తున్నవాళ్లు ఈ సభలో ఉన్నారు. వాళ్లకి చిట్టా, ఆవర్జా నేను చెప్పక్కర్లేదు. ఏ రోజు జమాఖర్చు ఆ రోజే వరసగా చిట్టాలో పడుతుంది. తర్వాత దాన్ని పేరుపేరునా విడదీసి ఆవర్జాలో ఎక్కిస్తారు. ఎవరి దగ్గర ఎంత పేరుకుందో అక్కడ గానీ తేలదు. డైరీ రాసేవాళ్లలో చాలామంది చిట్టా దగ్గరే ఆగిపోతారని నా ఫిర్యాదు.

చిట్టా రాయడంలో మనకి మొనగాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీయాత్రకి బయల్దేరి, తిరుగు దారిలో మన కోస్తా మీదుగా వచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఏ ఊరు ఎంత దూరం, మంచినీళ్లు దొరుకుతాయా, కొట్లున్నాయా, దారి ఎలాంటిది, అన్నీ రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపేవాడు. 1838లో అది పుస్తకమైంది. ఆ చూపు మనకి కావాలి. కాకపోతే అది మిత్రుడు చదవడానికి రాసింది. ఎవరో చదువుతారంటే కలం కాస్త బట్టలు సర్దుకుంటుంది. మన రాజమండ్రి వీరేశలింగంగారి స్వీయచరిత్ర కూడా, ఎంత నిజాయితీగా రాసినా, లోకానికి చెప్పుకున్నదే. గురజాడ డైరీల దారి వేరు. చాలావరకు ఇంగ్లీషులో, తనకోసం రాసుకున్నవి. ఆయన పోయాకే అచ్చయ్యాయి.

మరి మనం ఏం రాయాలి? "ఇవాళ తమ్ముడి మీద కోపం వచ్చింది" అని రాస్తే ఏమీ తెలీదు. "తమ్ముడు ఫోన్లో పొలం మాటెత్తాడు. నీ ఇష్టం అన్నాను. తర్వాత అన్నం సగంలో వదిలేశాను." ఇలా రాయండి. నెలాఖరున తిరగేస్తే ఆ "నీ ఇష్టం" ఆఫీసరు దగ్గరా కనిపిస్తుంది, భార్య దగ్గరా కనిపిస్తుంది. అంటే గొడవ పొలంది కాదు. వద్దని చెప్పలేకపోవడం పాత బాకీ, తమ్ముడి ఖాతాలో ఊరికే పడింది. ఆవర్జా ఎక్కించడమంటే ఇదే.

రాయగానే హాయిగా ఉంటుందని మాత్రం ఆశపడకండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని కలచివేసిన సంగతులు రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకి దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం, సంఘటనలూ వాటి తాలూకు బాధా రెండూ రాసినవాళ్లు మామూలు విషయాలు రాసినవాళ్ల కన్నా డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు.

ఇంట్లోవాళ్లు చదివేస్తారేమోనని ముఖ్యంగా ఆడవాళ్లు అడుగుతారు. న్యాయమైన భయమే. బీరువా తాళాలు అందరి చేతుల్లోనూ ఉండే ఇళ్లు మనవి. విడి కాగితాల మీద రాయండి. నెలాఖరుకి తేలిన రెండు ముక్కలు విడిగా రాసుకుని, మిగతావి చింపేయండి. వ్యాపారస్తులకి ఆ వెసులుబాటు లేదు పాపం, ఇన్‌కంటాక్సువాళ్లు అడుగుతారు.