అణువుల లెక్క, మన పిల్లల లెక్క
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు నన్ను ఆజ్ఞాపించారు. నేను ఉర్దూ మీడియం పంతులుని. తెలుగులో ఉపన్యాసం అలవాటు తక్కువ, తప్పులుంటే మన్నించండి. ముందు నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాను.

పదేళ్ల కింద నా దగ్గర పదో తరగతి పాసైన అబ్బాయి ఒకడుండేవాడు. లెక్కల్లో చురుకు. ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకున్నాడు. అక్కడ పాఠం అంతా ఇంగ్లీషులో. మూడు నెలలకు నా దగ్గరికొచ్చి, "సార్, లెక్క సమజవుతున్నది, మాట సమజవుతలేదు" అన్నాడు. ఆ మాటలు కూర్చోబెట్టి నేర్పడం నా ధర్మం. నేర్పలేదు. "ఇంటి పరిస్థితి చూడు బేటా, ఏదైనా పని నేర్చుకో" అన్నాను. వాడు చదువు మానేశాడు.

ఇప్పుడు వాడు హన్మకొండలో కంప్యూటర్లు రిపేరు చేస్తాడు. పోయిన సంవత్సరం షాపుకు పిలిచి ఒక మిషను చూపించాడు. ఒక పరిశోధక విద్యార్థిది. పని మొదట్లో జోరుగా సాగి, తర్వాత నత్తనడక నడుస్తోందట. లోపల గ్రాఫిక్స్ కార్డు ఉంది, జీపీయూ అంటారు. దాని ఫ్యాన్ నిండా దుమ్ము. వేడెక్కితే ఆ కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపాడు, కొత్త పేస్టు పూశాడు, వేగం తిరిగొచ్చింది. అప్పుడడిగాడు: "సార్, ఇందులో రాత్రింబవళ్లు ఏం లెక్క చేస్తున్నరు?" నాకు జవాబు తెలియదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

చదివితే తేలింది, ఆ లెక్కకు దారి వేసిన మహనీయుల్లో ఒకరు మన హైదరాబాదు వారేనని! పేరు అనీసుర్ రహమాన్. 1927లో జననం. ఉస్మానియాలో చదివి, కేంబ్రిడ్జి వెళ్లి, బెల్జియంలోని లూవెన్‌లో డాక్టరేటు తీసుకున్నారు. ఆ ఉస్మానియా 1918లో ఉర్దూ మీడియంతోనే మొదలైన సంగతి పెద్దలకు తెలుసు. లెక్కలు, సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పేవారు.

రహమాన్‌గారు అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1964లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆర్గాన్ అనే వాయువును చల్లబరిస్తే ద్రవమవుతుంది. దానిలోని 864 పరమాణువులు ఎలా కదులుతాయో కంప్యూటరులో లెక్కగట్టారు. పద్ధతి మన బడిలో చెప్పే న్యూటన్ సూత్రమే. ప్రతి పరమాణువు మీద మిగిలినవాటి తోపుడు, లాగుడు ఎంతో కూడాలి. దాన్నిబట్టి పరమాణువును వెంట్రుకవాసి జరపాలి. మళ్లీ మొదటి నుంచి కూడాలి. ఒక్కొక్క అడుగు ఎంత కాలమంటే, సెకనును వంద లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం! 864 పరమాణువుల్లో ఎవరినీ వదలకుండా జతలు కడితే 3,72,816 జతలు. అడుగడుగునా అంత లెక్క. 1971లో ఫ్రాంక్ స్టిల్లింజర్‌తో కలిసి నీటికీ ఇదే చేశారు, 216 అణువులతో.

ఈనాడు మందు పరిశోధనలో ప్రోటీను కదలిక చూడాలంటే లక్షల పరమాణువులు. సెకనులో పది లక్షల వంతు కాలం చూడటానికే సుమారు 50 కోట్ల అడుగులు. అందుకే జీపీయూ వచ్చింది. ఆటల బొమ్మలు గీయడానికి చేసిన కార్డది. అందులో వేల చిన్న లెక్కగాళ్లు ఒక్కసారే పనిచేస్తారు. వలీమా దావత్‌లో వెయ్యిమందికి ఒక్కడే వడ్డించడానికీ, యాభైమంది వడ్డించడానికీ ఉన్న తేడా అది. అయితే డేగ్ వంటింట్లోనే ఉండి, ప్రతి పళ్లేనికీ అక్కడికి పరుగెత్తితే యాభైమంది ఉండీ ఏం లాభం? అందుకని లెక్క సరుకంతా వీలైనంతవరకు కార్డులోనే ఉంచుతారు.

ఇంకో ఉపాయం ఇరుగుపొరుగు జాబితా. మండిబజార్‌లో ఉన్నవాడికి కాజీపేట వాడి తోపుడు తగలదు గదా! దగ్గరివాళ్ల పేర్లే రాసుకుంటారు. 1967లో ఫ్రాన్సు శాస్త్రవేత్త వెర్లె చూపిన దారి ఇది. కానీ పరమాణువులు ఇళ్లు మారుతుంటాయి. జాబితా వేళకు తిరగరాయకపోతే లెక్క తప్పుతుంది. మన సభ్యుల జాబితా సంగతి కార్యదర్శిగారికి బాగా తెలుసు!

వేగం కోసం అంకెలను కురచ చేస్తారు, అంటే దశాంశ స్థానాలు తగ్గిస్తారు. అది మితిమీరితే కోట్ల అడుగుల్లో చిల్లర పోగై లెక్క చెడుతుంది. కనుక మొత్తం శక్తి నిలకడగా ఉందా అని చూస్తూ ఉండాలి. మన కోశాధికారి జమాఖర్చు సరిచూసినట్టే. కొత్త కార్డు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాము సవరించాలి, పాత లెక్క మళ్లీ చేయించి జవాబు కలిసిందా చూడాలి. నెదర్లాండ్సులో 1990ల మొదట్లో పుట్టిన గ్రోమాక్స్ అనే ప్రోగ్రాము ఇలా ఎందరో చేతుల మీద నేటికీ బతికి ఉంది. అది ఉచితం, ఎవరైనా తీసుకోవచ్చు. 2020లో కరోనా వచ్చినప్పుడు లోకమంతా మామూలు జనం తమ ఇళ్లలోని కార్డులను ఇలాంటి లెక్కలకే ఇచ్చారు.

రహమాన్‌గారు 1987లో కాలం చేశారు. అమెరికా భౌతికశాస్త్ర సంఘం 1993 నుంచి ఆయన పేరిట బహుమతి ఇస్తోంది.

సోదరులారా! ఈ పనికి కావలసింది ఓపిక, లెక్క మీద శ్రద్ధ, వేళకు సరిచూసుకునే అలవాటు. ఇవి మన పిల్లల్లో లేవా? ఆ అబ్బాయిలో ఉండెను. దుమ్ము తీసిన చేతికి లోపలి లెక్క అందకుండా పోయిందంటే, అడ్డం పడ్డది ఇంగ్లీషు మాటలు, నా నోటి మాట.

కాబట్టి నా మనవి ఒకటే. పదో తరగతి దాటిన మన పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ, ఇంటర్ లెక్కల మాటలు ఉర్దూలో, తెలుగులో విప్పి చెప్పే తరగతి ఆదివారం ఆదివారం పెడదాం. చోటు సొసైటీ ఇవ్వాలి, పాఠం నేను చెప్తాను. ఆ అబ్బాయిని అడిగాను. "కంప్యూటర్ నేను తెస్త సార్, కాని నేను కూడ కూర్చుంట" అన్నాడు. మొదటి బెంచీ వాడిదే.

సెలవు. ఖుదా హాఫిజ్.