దేవాలయపు గోడల సాక్ష్యము

(శతాబ్ది సభలలో చేసిన ప్రసంగము)



పాత కట్టడముల చరిత్ర చదివి, వాటిని కాపాడే పనిలో చేరి నాకింకా మూడేళ్లు నిండలేదు. “పడిపోయే గోడలు కొలిస్తే జీతమిస్తారా?” అని మా బంధువులే నవ్వుతుంటారు. వారికి చెప్పవలసిన జవాబు నాకు ఒక పల్లె గుడిలో దొరికింది.

ఆ గుడిని పడగొట్టాలా, బాగుచేయాలా అని సంఘము రెండుగా చీలిన రోజులవి. నాలుగు రోజులు టేపు పట్టి కొలతలు తీశాను. శంకుస్థాపన రాతి మీది తేదీ, మిషనెరీ దొరగారి పేరు, చందాదారుల పేర్లు రాసుకున్నాను. చరిత్ర పూర్తయిందనుకున్నాను. మెట్ల మీద కూర్చున్న ఒక అవ్వ, “మా నాయన పేరు రాశావా బాబూ? ఈ గోడలకు సున్నం గానుగ తోలింది ఆయనే” అన్నది. నా పుస్తకములో ఆయన లేడు. సిగ్గుపడి ఆమె పక్కన కూర్చున్నాను.

ఆమె మాటతోనే గోడ జబ్బు కూడా తెలిసింది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లతో తడిపి, ఇసుక కలిపి గానుగలో నూరిన డంగు సున్నముతో కట్టిన గోడలవి. అటువంటి గోడ నేల నుండి పీల్చిన చెమ్మను గాలికి వదిలేస్తుంది. తరువాత ఎవరో మంచి ఉద్దేశముతోనే నడుమెత్తు వరకు సిమెంటు పూశారు. బయటికి దారిలేని చెమ్మ పైకెక్కింది. దానితో వచ్చిన ఉప్పు ఇటుకను పొడిచేసింది. చూరు నీరు కూడా పునాది దగ్గరే పడుతున్నది. గుడి ముసలిదై కూలుతున్నదనుకున్నారు గాని, దానిని కూలుస్తున్నది మన మరమ్మతే.

సిమెంటు ఊడదీసి, నీటికి కాలువ తీసి, మరల సున్నమే పూయాలని చెప్పాను. ఒక పెద్దాయన లేచి, “వానకు తడిసే పిల్లలను చూడాలా, పాత గోడను చూడాలా?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చివరికి ముందు కప్పు బాగుచేయాలని, చాలని చోటుకు పక్కన షెడ్డు వేయాలని అందరూ ఒప్పుకున్నారు.

మెదక్ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినదనీ, పాస్నెట్ దొరగారు కరువు రోజులలో ఆ పని ద్వారా బీదలకు కూలి కల్పించారనీ మనమెరుగుదుము. ఆ రాళ్లు మోసిన వారి పేర్లు మనలో ఎందరు చెప్పగలరు?

1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము ఉన్నది. అయితే నూరేళ్లు నిండినంత మాత్రాన దాని రక్షణ రాదు. ప్రభుత్వము ప్రకటించిన వాటికే వస్తుంది. మన పల్లె గుళ్లకు కావలివారము మనమే.

కాబట్టి నా మనవి ఇది. సిమెంటు బస్తా తెచ్చే ముందు నీరెక్కడినుండి వస్తున్నదో చూడండి. సున్నపు పని తెలిసిన తాపీ మేస్త్రిని వెదకండి. మినిట్ బుక్కులు, పాత ఫోటోలు చెదలకు వదలకండి. వృద్ధులు ఉండగానే వారినడిగి రాసుకోండి.

యొర్దాను దాటిన జనులు పన్నెండు రాళ్లు నిలిపింది, పిల్లలు అడిగిన దినమున పెద్దలు జవాబు చెప్పుటకే గదా! మన పిల్లలు కూడా అడుగుతారు. ఆ గానుగ తోలిన తండ్రి పేరు ఇప్పుడు నా పుస్తకములో మొదటి పేజీన ఉన్నది. మీ సంఘ పుస్తకములో ఎవరి పేరు రాయవలసి ఉన్నదో ఆలోచించండి.

దేవుడు మిమ్మును దీవించును గాక.