మన గ్రూపులో తిరిగిన వీడియో – యూనియన్ బాధ్యత

(షోలాపూర్‌లో జరిగిన మిల్లు, సాంచాల కార్మికుల సర్వసభ్య సమావేశంలో కమిటీ సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి, పి.ఎఫ్. సంగతి మన కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నాకు ఇచ్చిన అంశం "సెల్‌ఫోన్ మంచి చెడ్డలు". అది చాలా పెద్ద విషయం. నేను అందులో ఒక్క సంగతే మాట్లాడతాను. అది వినడానికి మీకు ఇబ్బందిగా ఉండవచ్చు. చెప్పడానికి నాకూ ఇబ్బందిగానే ఉంది.

దీపావళి బోనస్ గొడవ నడుస్తున్న రోజుల్లో మన వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న వీడియో వచ్చింది, గుర్తుంది కదా. చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఒక మనిషి డాబా మీద సినిమా పాటకు ఆడుతున్న వీడియో. కింద "కండెలు మోసే మన పిల్లగాడే, గుర్తుపట్టిండ్రా?" అని ఎవరో రాశారు. మధ్యాహ్నం భోజనం వేళకు నవ్వే బొమ్మలు నిండిపోయాయి. సాయంత్రానికి అది పక్క కార్ఖానాల గ్రూపుల్లోకి పోయింది. మూడో రోజు యజమాని పిలిచి, "నువ్వు రేపటినుంచి రావద్దు, మిగతావాళ్ళు పని చెయ్యడం లేదు" అన్నాడట. నోటీసు లేదు. ఆ వారం కూలి కూడా చేతికివ్వలేదు.

ఆ గ్రూపును నడిపే ముగ్గురిలో నేనొకణ్ణి. తీసేసే మీట నా చేతిలోనే ఉంది. నేను తీసెయ్యలేదు. నవ్వలేదని కూడా చెప్పను.

నాలుగో రోజు తల్లి మన ఆఫీసుకు వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. వచ్చి నిలబడి ఒకే మాట అడిగింది: "అన్నా, నా బిడ్డ నూలు ఎత్తుకపోయిందా? ఎవరి డబ్బయినా తిన్నదా? మరెందుకు తీసేసిండ్రు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

ఇక్కడ మాట ఒకటి సరిచేసుకుందాం. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాయించినా, తాను ఆడమనిషినని లోపల ఎరిగినవాళ్ళు ఉంటారు. ఆడపిల్లని రాయించినా, తాను మగవాణ్ణని ఎరిగినవాళ్ళూ ఉంటారు. వీళ్ళను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటున్నారు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ పురుష గడులు కాక మూడో గడిలో చేరినవాళ్ళు దేశం మొత్తం మీద 4,87,803 మంది. మనం గల్లీలో వాడే మోటు మాట ఒకటుంది, మీకందరికీ తెలుసు. అది ఈ సభలో వద్దు. నేను వెళ్ళి కలిసిన మనిషిని నేను "ఆమె" అనే అంటాను. తనను అలా పిలవమని ఆమే అడిగింది.

ఆమె చెప్పిన మాటలు ఆమె భాషలోనే చెబుతాను. "నేను చిన్నగున్నప్పుడు దుకాణాల ముందట చప్పట్లు కొట్టి అడుక్కునేటోళ్ళనే చూసిన. ఎల్లమ్మ జాతరల జోగప్పలను చూసిన. నేనుగూడ అట్లనే బతకాలె, లేకుంటే సావాలె అనుకున్న. ఫోన్ వచ్చినంక డాక్టర్ అయినోళ్ళను చూసిన. పోలీసు అయినోళ్ళను చూసిన. పని చేసుకోని గూడ బతుకొచ్చని ఫోన్ల చూసే తెలుసుకున్న అన్నా."

ఆమె చూసినది అబద్ధం కాదు. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. తమిళనాడులో ప్రీతికా యాషిని సబ్ ఇన్‌స్పెక్టర్ అయింది. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మంది ట్రాఫిక్ విధుల్లోకి వచ్చారు. ఇవి పేపర్లో ఒకరోజు వచ్చి పోయే వార్తలు. షోలాపూర్ గల్లీలో ఒంటరిగా కూచున్న పిల్లకు అవి ఫోన్‌లోనే మిగిలి ఉన్నాయి.

పూర్వం ఇలాంటివాళ్ళకు ఒకటే దారి. ఇల్లు వదిలిపెట్టి హిజ్రాల జమాత్‌లో ఒక గురువు దగ్గర చేరాలి. అక్కడ అన్నం, నీడ, ఒక కుటుంబం దొరికేవి. దాన్ని నేను తక్కువ చెయ్యను. కాని అక్కడి బతుకుతెరువు అడుక్కోవడమో, దీవెనలు ఇవ్వడమో, ఒళ్ళు అమ్ముకోవడమో. ఇక ఆడపిల్లగా పుట్టి మగవాడుగా బతకాలనుకునేవాళ్ళకు ఆ జమాత్ కూడా లేదు. వాళ్ళకు పెళ్ళి చేసి పంపేస్తారు, అంతే. అలాంటివాడు తనలాంటి మరొకణ్ణి కలుసుకోగలిగింది ఎక్కువగా ఫేస్‌బుక్, యూట్యూబ్ వచ్చాకనే. ఏ మందు ప్రమాదం, ఏ డాక్టరు నమ్మదగినవాడు, ఇంట్లో ఎలా చెప్పాలి అన్నవి వాళ్ళు ఒకరికొకరు ఫోన్‌లో చెప్పుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు, రైళ్ళు మూతపడి అడుక్కునే దారి కూడా పోయింది. అప్పుడు చాలాచోట్ల బియ్యం, డబ్బు పోగుచేసింది ఈ ఫోన్లమీదనే. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర ప్రభుత్వం గుర్తింపు పత్రాలకు ఇంటర్నెట్‌లో దరఖాస్తు పెట్టే పోర్టల్ తెరిచింది. ఆఫీసు వరండాలో పదిమంది చూస్తుండగా నిలబడే బాధ కొంత తగ్గింది.

ఇక రెండో వైపు చూద్దాం. 2018 మే నెలలో, రంజాన్ రోజుల్లో, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అడుక్కుంటున్న ట్రాన్స్‌జెండర్ మనుషుల మీద హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు పడింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని అప్పుడు వాట్సాప్‌లో పుకారు. ఒకరు అక్కడే చచ్చిపోయారు. మహబూబ్‌నగర్ అంటే మనకు దూరమేమీ కాదు. ఈ సభలో సగం మంది తాతలు ఆ వైపునుంచి, నల్లగొండ, కరీంనగర్ వైపునుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే.

నెల తిరిగిందో లేదో, జూలై 1న ధూళే జిల్లా రైన్‌పాడాలో అదే పుకారుకు ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్ళు ట్రాన్స్‌జెండర్లు కారు. డవరి గోసావి సంచార కులం వాళ్ళు, మన జిల్లా మంగళవేఢా తాలూకా మనుషులు. ఆ శవాలు వచ్చిన రోజు ఈ జిల్లాలో ఎవరం మరచిపోలేదు. ఆ తరువాతే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. మన గ్రూపులో ఉన్నది వందల మంది. ఒక్కొక్కరు ఐదింటికి పంపితే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. కూలి లెక్క వేసుకోగలిగిన మనకు ఇది కష్టం కాదు.

2023లో దీపావళి రోజుల్లో ఉజ్జయినిలో పదహారేళ్ళ బిడ్డ ఒకరు చీర కట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో పెట్టారు. దాని కింద వేలకొద్దీ తిట్లు. ఆ బిడ్డ ఉరి వేసుకుని పోయాడు. ఆ తిట్లు రాసినవాళ్ళలో ఒక్కడికీ ఆ బిడ్డ ముఖపరిచయం ఉండదు. మన గ్రూపులో నవ్వినవాళ్ళకు మాత్రం ఉంది. ఆమె మోసిన కండెలతోనే వాళ్ళ సాంచాలు నడిచాయి.

యాజమాన్యం మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకే కంపెనీవి. మనిషి ఎంతసేపు తెర చూస్తే అంత వ్యాపారం. దీవెనకైనా తిట్టుకైనా ధర ఒకటే. 2025 జనవరిలో ఆ కంపెనీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలను సడలించి, ఇలాంటివాళ్ళను పిచ్చివాళ్ళని రాసినా అనుమతించేలా మార్చింది. మరి వీడియోలు చేసి సంపాదించుకోవచ్చు కదా అని కొందరంటారు. సంపాదించినవాళ్ళు ఉన్నారు. కాని 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దానిమీద పేరు తెచ్చుకున్న కూలీనాలీ జనం, వాళ్ళలో ట్రాన్స్‌జెండర్ కళాకారులూ ఒక్క రాత్రిలో వీధిలో పడ్డారు. మన మిల్లులు మూతపడినప్పుడు గేటు ముందు కూచోవడానికైనా ఒక గేటు ఉండేది.

మన పెద్దాయన ఒకరు నన్ను అడిగారు: "ఒరే, చీర కట్టుకోవడం వాడి ఇష్టం. దానికి యూనియన్‌కేం సంబంధం?" ఆయన మీద నాకు గౌరవం ఉంది, 1980లలో సమ్మెకు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఆయనే. ఆయనకు జవాబుగా రెండు పాత సంగతులు చెబుతాను.

నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం చేశారు. దాని ప్రకారం హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టరులో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్ళు ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ళదాకా జైల్లో వెయ్యవచ్చు. డాబా మీద చీర కట్టుకుని పాటకు ఆడటం ఆ రోజుల్లో నేరమన్నమాట. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకు పోయాక, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసేదాకా ఆ చట్టం పుస్తకంలో అలాగే ఉంది.

రెండోది మన ఊరిదే. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలో మొదటి భాగం కొన్ని కులాలను పుట్టుదొంగలని ముద్ర వేసింది. రెండో భాగం హిజ్రాల గురించి. ఆ మొదటి భాగం వారసత్వమే మన సెట్లమెంటు. తీగ కంచె లోపల పెట్టి, హాజరీ తీసుకుని, అక్కడినుంచి మనుషుల్ని మిల్లుల్లో పనికి పంపేవారు. మన మిల్లుల్లో వాళ్ళ పక్కన నిలబడి పని చేసిన మనం, "దొంగ జాతి" అన్న మాటను మానడానికి ఎన్నేళ్ళు పట్టిందో పెద్దాయనకు బాగా తెలుసు. మానిపించింది యూనియనే. ఒకే చట్టంలో రెండు భాగాలు. మొదటి భాగం వాళ్ళకోసం నిలబడ్డవాళ్ళం, రెండో భాగం వాళ్ళను చూసి నవ్వుతున్నాం.

ఇక పని సంగతి. 2014 ఏప్రిల్ 15న సుప్రీం కోర్టు వీళ్ళను మూడో లింగంగా గుర్తించి పౌరులందరి హక్కులూ వీళ్ళకూ ఉన్నాయని తీర్పు చెప్పింది. 2019లో వచ్చిన చట్టంలో, ఉద్యోగంలో వివక్ష చూపరాదనీ, ప్రతి సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలనీ రాశారు. యజమాని దగ్గర ఆ సంగతి ఎత్తితే, "అది పెద్ద కంపెనీలకు, నా ఎనిమిది సాంచాలకు కాదు" అన్నాడు. కనీస వేతనం అడిగినప్పుడూ ఇదే మాట అనేవాడు. మనకిది కొత్త కాదు.

ఆమె ఇంకొక విషయం చెప్పింది. పన్నెండు గంటల పాళీలో ఆమె నీళ్ళు తాగేది కాదు. మగవాళ్ళ మరుగుదొడ్డికి వెళ్తే అల్లరి, ఆడవాళ్ళ వైపు వెళ్తే తగువు. ఏప్రిల్ ఎండల్లో, ఆ షెడ్డులో, ఆ దూది పొగలో పన్నెండు గంటలు నీళ్ళు లేకుండా! మూడేళ్ళు మనం ఆమె పక్కనే ఉన్నాం, ఒక్కరం గమనించలేదు. ఫోన్‌లో ఆమెను ఎరగని అక్కలు ఎవరో మూత్రపిండాలు పాడవుతాయని హెచ్చరించారట. వాళ్ళ ఊళ్ళు కూడా ఆమెకు తెలియవు.

2017లో కొచ్చి మెట్రో రైలు ట్రాన్స్‌జెండర్ మనుషులకు ఉద్యోగాలిచ్చింది. దేశమంతా మెచ్చుకుంది, ఫోన్లలో ఆ వార్త మోగిపోయింది. నెల తిరక్కుండానే కొందరు మానేశారు. కారణం ఏమిటంటే, వాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చేవాడు లేడు. కనుక ఫోన్‌లో మెచ్చుకోలు ఒకటి, గల్లీలో గది ఒకటి. ఇక్కడ కూచున్నవాళ్ళలో వెనక గది అద్దెకిచ్చేవాళ్ళు కనీసం ఇరవైమంది ఉన్నారు. చేతులెత్తమని అడగను.

కమిటీలో చర్చించి తీసుకున్న నిర్ణయాలు చెప్పి ముగిస్తాను. ఆ వీడియోను మన గ్రూపులో తొలగించాం. ఎవరి ఫోన్లలో ఉందో వాళ్ళు ఇవాళే తీసెయ్యాలి. ఎవరి ఫొటో అయినా, వీడియో అయినా వాళ్ళ అనుమతి లేకుండా గ్రూపులో పెడితే ఆ సభ్యుణ్ణి మూడు నెలలు గ్రూపునుంచి తీసేస్తాం, కమిటీవాడైనా సరే. అదే గ్రూపులో కమిటీ పేరుతో ఆమెకు క్షమాపణ రాశాం. రాసింది నేనే. ఆ కాగితం ఆమెకు ముందే చూపించాను. తన పాత పేరు రాయవద్దని, కార్ఖానా పేరూ రాయవద్దని చెప్పింది. అలాగే చేశాం. క్షమించానని ఆమె అనలేదు. "పని ఇప్పియ్యుండ్రి" అంది.

సోమవారం పొద్దున పది గంటలకు యజమాని దగ్గరకు పోతున్నాం. అడగవలసినవి మూడు: తిరిగి పని, ఆపిన కూలి, తలుపు గడియ సరిగా పడే ఒక మరుగుదొడ్డి. ఆ షెడ్డులోనే పనిచేసేవాళ్ళు వెంట వస్తే, "మిగతావాళ్ళు పని చెయ్యడం లేదు" అన్న మాట ఆయన మళ్ళీ అనలేడు. ఇప్పటికి ముగ్గురు పేర్లిచ్చారు. అందులో ఒకడు, ఆ వీడియో కింద మొదట నవ్వినవాడు. ఇంకా కనీసం ఐదుగురు కావాలి. కార్యదర్శిగారి బల్ల మీద కాగితం ఉంది, పోయేటప్పుడు పేరు రాసి పొండి.