మైనరు అంటే చిన్నదేనా?

(గంభీరావుపేటలో విశ్రాంత ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గుమాస్తాగా నేను ఫైళ్లలో ఎన్నోసార్లు రాసిన ఇంగ్లీషు మాట 'మైనరు'. నిఘంటువు చూస్తే చిన్నది అని అర్థం. కాని దేనికంటే చిన్నది, ఎవరి లెక్కలో చిన్నది అని అడగకపోతే ఈ మాట మనలను మోసం చేస్తుంది.

మన సంగతే చూద్దాం. నర్మాల వద్ద ఎగువ మానేరు మధ్యతరహా ప్రాజెక్టు. రెండు వేల హెక్టార్ల లోపు ఆయకట్టు గల చెరువులు, కుంటలు మైనరు ఇరిగేషను పద్దులోకి వస్తాయి. 2015లో మిషన్ కాకతీయ ప్రారంభించినప్పుడు రాష్ట్రంలో అటువంటివి 46 వేలకు పైగా లెక్కతేలాయి. ప్రాజెక్టు నీళ్లయినా పెద్ద కాలువ నుండి పొలానికి చేరాలంటే మధ్యలో మైనరు కాలువ ఉండాల్సిందే.

మామూలు ఇసుక 1957 నాటి గనుల చట్టం ప్రకారం మైనరు ఖనిజం. ఇల్లు కట్టేవారికి మాత్రం అది చిన్న విషయం కాదు. తునికాకు మైనరు అటవీ ఫలసాయం. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టి సంసారాలు ఈదిన ఆడబిడ్డలను అడగండి, అది ఎంత పెద్దదో చెబుతారు.

ఇక ఊళ్లో "వాడు మైనరు లెక్క తిరుగుతుండు" అంటే వయసు సంగతి కాదు, సోకు సంగతి. 1973లో శోభన్‌బాబు నటించిన 'మైనర్ బాబు' మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆఫీసులో మైనరు శిక్ష వేరు. ఒక ఇంక్రిమెంటు కొంతకాలం ఆపి తిరిగి కలిపితే అది మైనరు. శాశ్వతంగా పోయేటట్లు ఆపితే పెద్ద శిక్షేనని, విచారణ జరపాల్సిందేనని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎందుకంటే ఆ కోత చివరి జీతం మీద, దాని వెంట పెన్షను మీద పడుతుంది.

అన్నిటికన్నా మనకు ముఖ్యమైనది పిల్లల సంగతి. 1875 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు మైనర్లు. కోర్టు సంరక్షకుని నియమిస్తే ఒకప్పుడు 21 దాకా మైనరే. 1999 సవరణతో ఆ తేడా పోయింది. మనలో చాలామంది బ్యాంకు డిపాజిట్లకు ప్రేమకొద్దీ మనుమడి పేరో, మనుమరాలి పేరో నామినీగా రాస్తాం. మంచిదే. అయితే ఆ బిడ్డ మైనరైతే, మన తదనంతరం ఆ బిడ్డ తరఫున సొమ్ము తీసుకొనే పెద్దవారి పేరు కూడా అదే ఫారంలో రాసే వీలుంది. ఆ గడి ఖాళీగా వదిలితే ఇంట్లోవాళ్లు కాగితాలు పట్టుకొని తిరగవలసి వస్తుంది.

కనుక మిత్రులారా, ఇంటికి వెళ్లి మీ నామినేషను కాగితాలు ఒకసారి తీసి చూడండి. బిడ్డ పుట్టిన తేదీ సరిగా ఉందా, పెద్దవారి పేరు ఉందా, ఆ పెద్దవారు ఇప్పుడు ఉన్నారా? ఈ సంగతి మీ ఇంటివారికి కూడా చెప్పి ఉంచండి.