దేవమాత దర్శనాలపై విశ్వాసులు చదవదగిన గ్రంథాలు

దేవమాత దర్శనాల గురించి వెలువడిన పుస్తకాలన్నిటికీ ఒకే విలువ లేదు. కొన్నిటిలో ఉన్నవి దర్శనం జరిగిన రోజుల్లోనే కాగితం మీదికెక్కిన మాటలు. కొన్ని, చూసినవారే ఏళ్లు గడిచాక జ్ఞాపకం చేసుకుని రాసినవి. కొన్ని భక్తుల నోట పెరిగిన కథలు, మరికొన్ని చరిత్రకారుల పరిశోధనలు. కతోలిక విశ్వాసి ఒక పుస్తకాన్ని చేతికి తీసుకున్నప్పుడు, అది చూసినవారి తొలి మాటకు ఎంత దగ్గరగా ఉందో ముందు గమనించాలి. ఆ మాటను స్థానిక పీఠాధిపతి విచారించి ఏమని తీర్పు చెప్పారో ఆ తర్వాత తెలుసుకోవాలి. ఈ రెండూ తెలిస్తే ఏ పుస్తకాన్ని ఏ స్థానంలో ఉంచాలో చాలావరకు తేలిపోతుంది.

శ్రీసభ బోధలో ఈ విషయమై సందిగ్ధం లేదు. దేవుని బహిరంగ ప్రకటన క్రీస్తులో సంపూర్ణమైంది. తర్వాతి దర్శనాలు, సందేశాలు వ్యక్తిగత ప్రకటనల కిందికి వస్తాయి. అవి విశ్వాస నిధికి కొత్తగా చేర్చేది ఏమీ లేదనీ, ఆయా కాలాల్లో సువార్తను మరింత నిండుగా జీవించడానికి తోడ్పడతాయనీ 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 67వ పేరాలో బోధిస్తుంది. తర్వాతి కాలంలో పద్నాలుగవ బెనెడిక్టు పోపు అయిన ప్రోస్పెరో లాంబెర్తీని 1730లలో పునీత పట్టం విధానంపై పెద్ద గ్రంథం రాశారు. ఆయన వివరణ ప్రకారం, ఆమోదం పొందిన దర్శనాన్ని సైతం నమ్మదగిన మనుషుల సాక్ష్యాన్ని నమ్మినట్టు వివేకంతో నమ్మాలి. దైవవాక్కును నమ్మినట్టు నమ్మే బాధ్యత ఎవరి మీదా లేదు. లూర్దును, ఫాతిమాను ప్రాణంలా చూసుకునే భక్తులకు ఇది మొదట కాస్త కటువుగా తోచవచ్చు. అయితే పత్రాలను భయం లేకుండా పరిశీలించగల స్వేచ్ఛ విశ్వాసికి దొరికేది ఈ బోధవల్లనే.

అచ్చు విషయంలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. కొత్త దర్శనాలను ప్రచారం చేసే పుస్తకాలకు శ్రీసభ ముందస్తు అనుమతి ఉండాలన్న పాత నియమం ఆరవ పౌలు పోపు కాలంలో, 1966లో రద్దయింది. ఆ తర్వాత అచ్చయిన పుస్తకం అంగట్లో దొరుకుతోందంటే శ్రీసభ దాన్ని అంగీకరించిందని అనుకోవడానికి లేదు. పీఠాధిపతి తీర్పు ఏమిటో పాఠకుడే విడిగా తెలుసుకోవాలి.

చదువు లూర్దుతో మొదలుపెట్టడం మేలు. దర్శనాల చరిత్రలో ఇంత చక్కగా పత్రాలు నిలిచిన ఉదంతాలు అరుదు. 1858 ఫిబ్రవరి 11 నుంచి జూలై 16 వరకు, ఫ్రాన్సు దక్షిణాన గావ్ నది ఒడ్డున ఉన్న మస్సబియేల్ గుహ వద్ద, పద్నాలుగేళ్ల బెర్నదెత్త సుబిరూకు పద్దెనిమిది సార్లు దర్శనం కలిగింది. ఫిబ్రవరి 21న పోలీసు అధికారి జాకొమే ఆమెను ప్రశ్నించి రాసుకున్న కాగితాలు మిగిలే ఉన్నాయి. తాను చూసింది పరిశుద్ధ కన్యకను అని ఆ పిల్ల అప్పుడు అనలేదు. ఎవరైనా తన నోట ఆ మాట పెట్టబోతే ఒప్పుకోనూ లేదు. మార్చి 25న ఆ స్త్రీమూర్తి తాను నిష్కళంకోద్భవినని తెలిపిందని బెర్నదెత్త విచారణ గురువు పెయ్‌రమాల్‌కు చెప్పింది. నిష్కళంకోద్భవం విశ్వాస సత్యంగా ప్రకటితమై అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. తార్బ్ పీఠాధిపతి లోరాన్స్ విచారణ సంఘాన్ని వేసి, 1862 జనవరి 18న దర్శనాలను అంగీకరిస్తూ తీర్పునిచ్చారు.

లూర్దుపై తొలుత లోకమంతా చదివింది ఆంరి లాసేర్ 1869లో ప్రచురించిన పుస్తకం. లూర్దు నీటితో తన కంటిజబ్బు నయమైందన్న కృతజ్ఞత ఆయన చేత దాన్ని రాయించింది. చదివించే పుస్తకమే, భక్తీ నిజమైనదే; కానీ సంభాషణలను, సన్నివేశాలను ఆయన తన ఊహతో దిద్దారు. గుహ వద్ద సేవచేసే గురువులు వేరే చరిత్ర రాయడంతో వారికీ ఆయనకూ వివాదం రేగి, మఠంలో ఉన్న బెర్నదెత్త దాకా పాకింది. యేసుసభ గురువు లెయొనార్ క్రో 1870ల చివర, అప్పటికి బతికున్న సాక్షులను వెతికి పట్టుకుని వాంగ్మూలాలు సేకరించారు. ఆయన గ్రంథం ఆయన మరణం తర్వాత, 1920లలో మాత్రమే వెలుగు చూసింది.

ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన పని రెనే లోరాంతా అనే ఫ్రెంచి గురువుది. లూర్దు శతవార్షికం సందర్భంగా ఆయన పాత కాగితాలన్నిటినీ వెలికితీసి, సహచరుల తోడ్పాటుతో 1957 నుంచి ఏడు సంపుటాల మూలపత్రాలను, 1961–64 మధ్య ఆరు సంపుటాల దర్శనచరిత్రను ప్రచురించారు. ఒక్కో దర్శనం ఏ రోజు, ఏ వేళ జరిగింది, ఎవరెవరు ఉన్నారు, ఎవరి మాట మరొకరి మాటతో ఎక్కడ పొసగడం లేదు అన్నది అందులో వరుసగా ఉంటుంది. పదమూడు సంపుటాలు చదివే తీరిక ఎవరికో గాని ఉండదు. ఆ పరిశోధన సారమంతా కూర్చి ఆయనే రాసిన బెర్నదెత్త జీవితచరిత్ర ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. దర్శనాల మీద ఒకే పుస్తకం చదవగలిగినవారు ఇదే చదవాలి. పేదరికం, ఉబ్బసం, పోలీసుల బెదిరింపులు, ఆ తర్వాత నెవేర్ మఠంలో 1879 వరకు గడిచిన మరుగుజీవితం, ఏదీ దాచకుండా చెప్పినందువల్లనే ఆ పిల్ల పవిత్రత పాఠకుడి మనసుకు హత్తుకుంటుంది.

లూర్దు చుట్టూ పుట్టిన సాహిత్యం కూడా కొంత చదవదగినదే. యూదుడైన ఫ్రాంజ్ వెర్ఫెల్ 1940లో నాజీల బారినుంచి పారిపోతూ లూర్దులో తలదాచుకుని, అమెరికా చేరగలిగితే బెర్నదెత్త కథ రాస్తానని మొక్కుకున్నారు. 1941లో నవల రాసి ఆ మొక్కు తీర్చుకున్నారు. 1943లో అది సినిమాగా వచ్చింది. దాన్ని నవలగానే చదవాలి, అందులోని సన్నివేశాలను సాక్ష్యంగా తీసుకోరాదు. స్వస్థతల సంగతికి వైద్యుడు అలెక్సిస్ కారెల్ రాసిన చిన్న పుస్తకం ఉంది. 1912లో నోబెల్ బహుమతి పొందిన ఈయన 1902లో రోగుల రైలులో లూర్దు వెళ్లి, చావుబతుకుల్లో ఉన్న ఒక యువతి కళ్లముందే కోలుకోవడం చూశారు. ఆయన ఆ అనుభవాన్ని కథలా రాసిపెట్టుకోగా, మరణానంతరం 1949లో అచ్చయింది. దానికి ఎదురుగా నిలిచేది ఎమిల్ జోలా 1894లో రాసిన నవల. సందేహవాది కంటితో చూసినా యాత్రికుల బాధను ఆయన నిర్లక్ష్యం చేయలేదు కనుక, ఎదిగిన విశ్వాసి దాన్ని చదివి నష్టపోయేదేమీ ఉండదు. చరిత్రకారిణి రూత్ హారిస్ 1999లో ప్రచురించిన లూర్దు అధ్యయనం ఈ రెండు పక్షాలనూ సమదృష్టితో పరిశీలిస్తుంది.

ఫాతిమా పుస్తకాలకు ఇంకో రకమైన జాగ్రత్త కావాలి. 1917 మే 13 నుంచి అక్టోబరు 13 వరకు పోర్చుగల్‌లో పదేళ్ల లూసియాకు, ఆమె మేనత్త పిల్లలు ఫ్రాన్సిస్కో, జసింతాలకు దర్శనాలు కలిగాయి. విచారణ గురువూ, కానన్ ఫొర్మిగావ్ అనే గురువూ పిల్లలను ఆ ఏడాదే ప్రశ్నించి జవాబులు రాసుకున్నారు. లెయిరియా పీఠాధిపతి 1930 అక్టోబరు 13న దర్శనాలు నమ్మదగినవని ప్రకటించారు. లూసియా మఠవాసినిగా తన మొదటి నాలుగు జ్ఞాపకాలను రాసింది ఆ తర్వాత, 1935–41 మధ్య. 1916లో దేవదూత కనిపించడం, దర్శనంలో పిల్లలకు తెలిపిన రహస్యంలోని మొదటి రెండు భాగాలు వివరంగా బయటికొచ్చింది ఈ జ్ఞాపకాల్లోనే. బెల్జియం యేసుసభ గురువు ఎద్వార్ ధానిస్ 1940లలో ఈ తేడాను ఎత్తిచూపినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. అయినా రెండు పొరలనూ వేరుగా గుర్తించి చదవడం లూసియాను అవమానించడం కాదు. ఆమె జ్ఞాపకాల సంకలనం ప్రతి విశ్వాసీ చదవవలసినదే. తమ్ముడిలాంటి ఫ్రాన్సిస్కో 1919లో, చిన్నారి జసింతా 1920లో చనిపోయిన తీరు అందులో చదివి కదలని మనసు ఉండదు. పక్కనే 1917 నాటి విచారణ పత్రాలను పెట్టుకోవాలి; ఫాతిమా పుణ్యక్షేత్రం 1992 నుంచి వాటిని విమర్శనాత్మక సంపుటాలుగా ప్రచురించింది.

ఫాతిమా మూడో రహస్యం మీద అంతులేని ఊహాగానాల పుస్తకాలున్నాయి. వాటికి ముందు చదవవలసింది వాటికన్ 2000 జూన్ 26న ఆ మూలపాఠంతోపాటు విడుదల చేసిన వ్యాఖ్యానం. తర్వాత పదహారవ బెనెడిక్టు పోపు అయిన కార్డినల్ రాట్జింగర్ రాసిన ఆ కొద్ది పేజీల్లో, దర్శనంలో కంటికి, అంతరంగానికి ఏమి జరుగుతుందో, భవిష్యత్తును గురించిన దృశ్యాలను ఎలా అర్థం చేసుకోవాలో వివరణ ఉంది. ఏ దర్శనం గురించి చదవబోయేవారికైనా అది మంచి ప్రవేశిక.

ఆమోదం పొందిన దర్శనం పేరు మీదే ఆమోదం లేని పుస్తకం చలామణీ కావచ్చునని లా సలెత్ చరిత్ర రుజువు చేస్తుంది. 1846 సెప్టెంబరు 19న ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపరులు మెలానీ, మాక్సిమెన్‌లకు దేవమాత కన్నీళ్లతో కనిపించింది. గ్రెనోబుల్ పీఠాధిపతి 1851లో దాన్ని ఆమోదించారు. అదే ఏడాది పిల్లలిద్దరూ తమ రహస్యాలను క్లుప్తంగా రాసి తొమ్మిదవ పయస్ పోపుకు పంపారు. మెలానీ చాలా పెద్దదైన ఇంకో పాఠాన్ని 1879లో ఇటలీలోని లెచ్చేలో అచ్చువేయించింది. లోకాంతం గురించి భయపెట్టే కరపత్రాలు ఈనాటికీ ఎత్తి రాసేది ఆ రెండో పాఠాన్నే. దానిపై వ్యాఖ్యానాలు రాయడాన్ని వాటికన్ 1915లో నిషేధించింది. అసలైన 1851 పత్రాలు వాటికన్ భాండాగారంలో 1999లో దొరికాయి. వాటిపై లోరాంతా, కొర్త్‌విల్ కలిసి రాసిన పుస్తకం 2002లో వచ్చింది. లా సలెత్ గురించి వినేవారు ముందుగా ఈ రెండు పాఠాల తేడా తెలుసుకోవాలి.

గ్వాదలూపేకు సమకాలిక పత్రాల అండ లూర్దుకున్నంతగా లేదు. హువాన్ దియేగోకు తెపేయాక్ కొండపై దర్శనం కలిగింది 1531 డిసెంబరులో అని సంప్రదాయం. ఆ వృత్తాంతాన్ని మిగెల్ సాంచెస్ స్పానిషులో 1648లో, లాసో దె లా వేగా స్థానిక నావాత్లు భాషలో 1649లో అచ్చువేశారు. నావాత్లు కథనమైన ‘నికాన్ మొపోవా’ ఎంతో సౌందర్యం గల రచన. దాని అనువాదం చదవకుండా గ్వాదలూపే భక్తి అర్థం కాదు. మధ్యలో ఉన్న వందేళ్ల మౌనాన్ని ప్రశ్నిస్తూ స్టాఫర్డ్ పూల్ అనే గురువు 1995లో పుస్తకం రాశారు. గొన్సాలెస్, చావెస్, గెర్రెరో అనే ముగ్గురు గురువులు 1999లో సాక్ష్యాలు సేకరించి, సంప్రదాయాన్ని సమర్థిస్తూ మరో గ్రంథం ప్రచురించారు. హువాన్ దియేగో 2002 జూలై 31న పునీతుడయ్యాడు. రెండు పుస్తకాలనూ చదివినవారికే ఈ వాదం బరువు తెలుస్తుంది.

ఆఫ్రికాలో కిబేహో పుస్తకాలు ఎక్కువమందికి చేరాయి. రువాండాలోని కిబేహో పాఠశాలలో 1981 నవంబరులో మొదలైన దర్శనాలను పీఠాధిపతి మిసాగో 2001 జూన్ 29న ఆమోదించారు. 1994 జాతిహత్యలో ప్రాణాలతో బయటపడ్డ ఇమ్మాకులే ఇలిబగీజా 2008లో వాటి గురించి రాసిన పుస్తకం తెలుగు పాఠకులకు సులభంగా అందే ఇంగ్లీషులో ఉంది. ఆమె గొంతులోని ఆర్తి నిజం. అయితే పీఠాధిపతి ఆమోదం ముగ్గురు యువతుల దర్శనాలకే వర్తిస్తుంది. సెగతాష్య అనే బాలుడి గురించి ఆమే రాసిన మరో పుస్తకానికి ఆ తీర్పు రక్షణ లేదు.

జీవించి ఉన్నవారి సందేశాల విషయంలో పుస్తకం ఏ సంవత్సరంలో అచ్చయిందో తప్పక చూడాలి. 2024 మేలో వాటికన్ దర్శనాల పరిశీలనకు కొత్త నియమాలు తెచ్చింది. వాటిలో చెప్పిన ఆరు రకాల నిర్ణయాల్లో అత్యంత అనుకూలమైనది కూడా భక్తికి అభ్యంతరం లేదని మాత్రమే చెబుతుంది. దర్శనం దైవికమని సాధారణంగా ప్రకటించదు. బోస్నియా-హెర్జెగోవినాలోని మెజుగోర్యెకు అదే ఏడాది సెప్టెంబరు 19న లభించింది ఇలాంటి నిర్ణయమే. అంతకుముందు అచ్చయిన పుస్తకాలు, అనుకూలమైనా ప్రతికూలమైనా, ఇప్పుడు పాతబడ్డాయి. మెజుగోర్యె గురించి లోరాంతా కూడా విస్తారంగా రాశారు. లూర్దు గ్రంథాల్లో కనిపించే నిగ్రహాన్ని వాటిలో ఆశించరాదు. అక్కడ ఆయన పత్రాలు తూచే పరిశోధకుడిగా కంటే ఆ పక్షం వహించిన న్యాయవాదిగానే కనిపిస్తారు. ఆమ్‌స్టర్‌డాం దర్శనాల సంగతి ఇంకా విచారకరం. స్థానిక పీఠాధిపతి 2002లో ఆ దర్శనాలను దైవికమని ప్రకటించారు; అవి దైవికం కావని 1974లోనే జరిగిన నిర్ణయాన్ని వాటికన్ 2024లో బహిరంగపరిచింది. మధ్యకాలపు పుస్తకాలు మాత్రం ఇంకా ఇళ్లలో ఉన్నాయి.

తిరస్కృతమైన, తీర్పు రాని ఉదంతాల మీద పుస్తకాలు కూడా విశ్వాసికి పనికొస్తాయి. జర్మనీలోని మార్పింగెన్‌లో 1876లో ముగ్గురు బాలికలు చెప్పిన దర్శనాలపై డేవిడ్ బ్లాక్‌బర్న్ 1993లో రాసిన చరిత్ర వీటిలో శ్రేష్ఠమైనది. ప్రష్యా ప్రభుత్వం కతోలికులను వేధిస్తున్న రోజుల్లో ఒక పల్లె ఆశ ఎలా అంటుకుందో, సైన్యం వచ్చి జనాన్ని ఎలా చెదరగొట్టిందో అందులో చదవవచ్చు. కార్ల్ రానర్ 1950లలో దర్శనాలు, ప్రవచనాలపై రాసిన చిన్న గ్రంథం వేదాంత విద్యార్థులకు. బెనెడిక్ట్ గ్రోషెల్ 1993లో రాసిన మార్గదర్శి సాధారణ పాఠకులకు సరిపోతుంది. ముఖ్యమైన ఎనిమిది దర్శనాలను ఒకేచోట చదవాలనుకునేవారికి జాన్ డెలానీ 1960లో కూర్చిన సంకలనం ఇప్పటికీ మంచిదే.

తెలుగునాట ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ ఎక్కే లక్షలాది మంది లూర్దు మాత భక్తులే. కొండ కింద అంగళ్లలో జపమాలలు, నవదిన ప్రార్థనల పుస్తకాలు కొనుక్కుని ఇంటికి వెళ్తారు. వాటి పక్కన బెర్నదెత్త విచారణల్లో పలికిన మాటలు, తార్బ్ పీఠాధిపతి తీర్పు, రాట్జింగర్ వ్యాఖ్యానం శుద్ధమైన తెలుగు అనువాదాల్లో, చవక ధరకు అందాలి. పండిత సభలు, గురువిద్యాలయాలు చేతికెత్తుకోవలసిన పనుల్లో ఇది మొదటిది.

తెలుగు యాత్రికులు అంతే ప్రేమతో వెళ్లే వేళాంగణి సంగతి వేరు. పాలు తీసుకువెళ్తున్న బాలుడికి మాత కనిపించడం, మజ్జిగ అమ్మే కుంటి పిల్లవాడు లేచి నడవడం, తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు ఒడ్డు చేరడం, ఈ మూడూ తరతరాలుగా నోటి మాటగా వచ్చినవి. ఆనాటి విచారణ పత్రాలు లేవు. 1962లో ఇరవైమూడవ యోహాను పోపు ఆ ఆలయానికి బసిలికా హోదా ఇచ్చారు. ఫ్రాన్సిస్ పోపు సమ్మతితో 2024 ఆగస్టు 1న వాటికన్ తంజావూరు పీఠాధిపతికి రాసిన లేఖ, అక్కడి యాత్రికుల విశ్వాసంలోని అందాన్ని, అన్యమతస్థులు సైతం మాత చెంత పొందే ఊరటను కొనియాడింది. వేళాంగణి ఆరోగ్య మాత మీద ఏ పుస్తకం చదివినా ఈ లేఖను పక్కన పెట్టుకుని చదవాలి. రాయబోయేవారు ఆ మూడు కథలను సంప్రదాయమని చెప్పే రాయాలి, వాటికి లేని తేదీలు తగిలించకూడదు.