గుర్రం ఆగలేదు, రైలే ఆగిపోయింది

మెట్రో దిగాక ఇంటికెళ్లడానికి ఆటో వెతుక్కుంటాం కదా. ఇదే లాస్ట్ మైల్ సమస్యని ఒక చిన్న ఊరు వందేళ్లకు పైగా గుర్రంతో నెట్టుకొచ్చింది.

ఉత్తర ఐర్లండ్‌లో ఆ ఊరి పేరు ఫింటోనా. 1853లో రైలు అక్కడిదాకా వచ్చింది. మరుసటి ఏడాది మెయిన్ లైన్‌ని ఎనిస్‌కిల్లెన్ వరకు పొడిగిస్తే, ఊరు పక్కకి మిగిలిపోయింది. జంక్షన్ నుంచి ఊళ్లోకి మైలు దూరం కూడా లేదు. ఇంతమాత్రానికి ఇంజిన్ ఎందుకని, పట్టాల మీది బండికి గుర్రాన్ని కట్టారు.

1883లో తయారైన ట్రామ్‌కి రెండు అంతస్తులు. కింద ఫస్ట్, సెకండ్ క్లాస్. పైన ఎండా వానా తగిలే థర్డ్ క్లాస్. గుర్రాలు మారినా పేరు మాత్రం ఎప్పుడూ డిక్కే!

బస్సులు, కార్లు వచ్చాక కూడా ఇది 1957 సెప్టెంబర్ 30 దాకా నడిచింది. గుర్రం స్లో అని ఆపలేదండీ. ప్రభుత్వం మెయిన్ లైన్‌నే మూసేసింది. జంక్షన్‌కి రైలే రాకపోతే ట్రామ్ ఎవర్ని ఎక్కించుకుంటుంది? ఆ బండి ఇప్పుడు బెల్‌ఫాస్ట్ దగ్గర కల్ట్రా మ్యూజియంలో ఉంది.

మన దగ్గరా అంతే. చిన్న స్టేషన్‌లో రైలు ఆగడం మానేస్తే, బయట ఆటోస్టాండ్ కూడా ఖాళీ అయిపోతుంది. మీ ఊళ్లో అలా జరిగిందా? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!