తీగలేని మాట ఎందాక వినబడును?



రేడియోలో మాటలాడువానికి ఒక సౌకర్యము కలదు. నేను చెప్పునది మీకు వినబడిన చాలును. మీరు చెప్పునది నాకు వినబడనక్కఱలేదు. ప్రసారకేంద్రపు స్తంభము బలమైనది. మీ ఇంటిలోని పెట్టెకు వినుటతప్ప వేఱు పని లేదు. చేతిలోని ఫోనుతో మాటలాడువారి సంగతి అట్టిది కాదు. అక్కడ ఇరువురును పలుకవలెను, ఇరువురును వినవలెను. ఈ భేదమును గమనింపకపోవుటచేతనే ఎంతయో ధనము వెచ్చించి పెట్టిన యంత్రములు పలుచోట్ల గోడలకు అలంకారములై మిగులుచున్నవి.

రామగుండము, గోదావరిఖని ప్రాంతము మీకు క్రొత్త కాదు. ఆ సీమ పల్లెలలో సింగరేణి బాయికి పోయినవాడు లేని వాడకట్టు అరుదు. ఇల్లెందు చెంత 1871 లో బొగ్గు కనుగొనబడెను. 1920 లో సంస్థకు సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు కలవు. గనుల వెంబడి కాలనీలు, ఆసుపత్రులు, కార్యాలయములు వెలసినవి. సెంటినరీ కాలనీలో ఇంజనీరింగు కళాశాల ఉన్నది. రామగుండమున 2022 లో వైద్యకళాశాల తెఱచిరి. ఇట్టి విశాలమైన ఆవరణములలో మనుష్యులు నడచుచునే మాటలాడవలసియుందురు. దానికై వైఫై అను తీగలేని ఏర్పాటు చేయుదురు. గోడలకు, కప్పులకు చిన్నపెట్టెలు బిగింతురు. ఫోను ఒక పెట్టెను విడిచి మఱియొక పెట్టెను పట్టుకొనుచు పోవును.

గుత్తేదారు తఱచు చేయు పని చెప్పెదను. భవనపు నక్షా బల్లపై పఱచును. ఒక్కొక్క పెట్టె చుట్టును ఒక వృత్తము గీయును. వృత్తములు ఒకదానినొకటి తాకినచో పని ముగిసినదనును. నక్షాలో గోడ ఒక గీత. తరంగమునకు అది గీత కాదు. ఇటుక కొంత మ్రింగును, కాంక్రీటు అంతకంటె ఎక్కువ మ్రింగును, ఇనుపరేకు వెనుకకు త్రిప్పికొట్టును. ఆసుపత్రిలో ఎక్స్‌రే గదికి సీసపు పలకలు తాపడము చేసియుందురు. తరంగమునకు అది కోటగోడయే. మనుష్యశరీరము సైతము సగమునకు మించి నీరు కావున, ఖాళీ తరగతిగదిలో చక్కగా అందిన తరంగము అఱువదిమంది బాలురు వచ్చి కూర్చుండగానే సన్నగిల్లును. వేసవి సెలవులలో కొలిచి, బడి తెఱచిన పిమ్మట ఫిర్యాదులు వినువారు ఇందువలననే కలరు.

చావడిలో కూర్చుండి పట్వారి వ్రాసిన పహాణీ ఎట్లుండెడిదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇదియు అంతే. కొలుచువాడు నడువవలెను. మొదట ఒక పెట్టెను నిలువుకొయ్యపై నిలిపి, తరువాత బిగింపదలచిన చోటనే దానిని ఉంచవలెను. కొలతయంత్రము చేతబట్టి ప్రతిగది, ప్రతిమెట్టు, వసారా, సైకిళ్ళ కొట్టము తిరిగి, ఎచ్చట ఎంత బలము అందినదో నక్షాపై గుర్తింపవలెను. అప్పుడు గుండ్రని వృత్తములు మాయమై, చినిగిన విస్తరివంటి ఆకారములు కనబడును. నిజమైన వ్యాప్తి అదియే.

బలమును డెసిబెల్ అను మానముతో కొలుతురు. అంకెకు ముందు ఋణచిహ్నముండుటచే పెద్ద అంకె బలహీనతను తెలుపును. ఉత్తరము పంపుటకు ఋణ 75 చెంత ఉన్నను ఎట్లో గడచును. మాటకు ఋణ 67 కంటె దిగజాఱరాదని ఈ వృత్తివారి వాడుక. ఎనిమిది అంకెల తేడాయే కదాయని తలంపరాదు. 67 నుండి 75 కు దిగిన తరంగమున బలము సుమారు ఆఱవవంతు మాత్రమే మిగులును.

మాటకు ఇంత పట్టుదల ఎందుకనగా, ఉత్తరము రెండు నిమిషములు ఆలస్యమైనను ఉత్తరమే. మాటను యంత్రము సెకనుకు ఏబది తునకలుగా కోసి పంపును. తునక దారిలో పోయినచో మఱల పంపుటకు వ్యవధి లేదు. సెకనులో వేయింట 150 వంతులు మించి ఆలస్యమైనచో ఇరువురును ఒక్కమాఱే మాటలాడుచు ఒకరినొకరు ఆపుకొనుచుందురు. ఒక పెట్టెనుండి మఱియొక పెట్టెకు మాఱునప్పుడు గండము మఱింత. అందుచేత వ్యాప్తులు తాకిన చాలదు. సుమారు అయిదవవంతు ఒకదానిపై ఒకటి కప్పుకొనవలెను.

అట్లని పెట్టెలను దట్టముగ బిగించుట మేలుకాదు. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో ఒకదానితో ఒకటి కలియని దారులు 1, 6, 11 అను మూడే ప్రధానముగ వాడుదురు. ఒకే దారిలో పలుకు పెట్టెలు, ఒకే చేదబావి వద్ద బిందెలతో నిలిచినవారివలె వంతులకై కాచుకొనవలసినదే. ఈ పట్టీని మనదేశమున 2005 లో లైసెన్సు లేకుండ వాడనిచ్చిరి. కావున ప్రక్కయింటి పెట్టెయు మనతో పోటీపడును. 5 గిగాహెర్ట్జుల పట్టీని 2018 లో మఱింత విశాలముగ విడిచిరి. అందు దారులు ఎక్కువ, గోడలను దాటుశక్తి తక్కువ.

ఇక మొదట చెప్పిన భేదమునకు వచ్చెదను. గోడమీది పెట్టె శక్తిని పెంచుట సులభము. చేతిఫోను చిన్నది, తఱచు అంతకంటె చాల తక్కువ శక్తితో పంపును. పెట్టె గొంతు ఫోనుకు అందును. తెరపై గీతలన్నియు నిండుగ కనబడును. ఫోను గొంతు పెట్టెకు అందదు. వినువానికి నిశ్శబ్దము, పలుకువానికి ఆశ్చర్యము. కావున కొలుచునపుడు పెట్టె శక్తిని ఫోను శక్తికి సరిగా తగ్గించి కొలువవలెను. అధికారి చేతిలోని ఖరీదైన ఫోను కాక, ఆయా చేతిలో ఉండు అగ్గువ ఫోనుతో కొలువవలెను. నా దృష్టిలో ఈ ఒక్కటి పాటించినచో తక్కిన తప్పులు సగము తగ్గును.

ఇంతవఱకు గోడల సంగతి. బాయిలోపల గోడయనగా బొగ్గే. అగ్గిపెట్టెవలెనే సామాన్యమైన ఫోనును లోపలికి కొనిపోరాదు. వాయువున్న చోట నిప్పురవ్వ ప్రాణాంతకము. రవ్వ పుట్టనివిధముగ చేసిన ప్రత్యేక పరికరములే వాడవలెను. నేరుగ ఉన్న సొరంగమున తరంగము కొంతదూరము సాగును. మలుపు తిరుగగానే క్షీణించును. స్తంభములు విడిచి త్రవ్విన గనిలో అడ్డవీథులు, నిలువువీథులు పెనగొనియుండును. అచ్చట పైపొరలో సందులు విడిచిన ఒకవిధమైన తీగను వెంబడి పఱతురు. కాలువ పొడవునను తూములనుండి నీరు జాఱి మళ్ళకు పాఱునట్లు, ఆ తీగనుండి తరంగము దారిపొడవునను జాఱును. అయినను బొగ్గు కోయు ముఖము దినదినము ముందుకు జరుగుచుండును. నిన్నటి కొలత నేటికి చాలదు. ఓపెన్ కాస్టు గనిలోను ఇదే చిక్కు. గుంత లోతగును, ప్రక్కన మట్టిదిబ్బ కొండయై లేచును. గతనెలలో వినబడిన చోట ఈ నెలలో నీడ పడును.

2003 జూన్ 16 న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. మాట అంది యుండినచో వారు బ్రదికెడివారని నేను అనను. కాని పైనున్నవారికి, లోపల ఎవరు ఎచ్చట ఉన్నారో తెలియుటకంటె ముందు కావలసినది మఱేమున్నది?

మాట వచ్చియు చెడుట యెట్టిదో అమెరికాలోని సాగో గని తెలిపినది. 2006 జనవరి 2 న వెస్టు వర్జీనియాలోని ఆ గనిలో ప్రేలుడు జరిగి 13 మంది లోపల చిక్కుకొనిరి. రక్షకదళమువారు ముసుగులు ధరించి లోపలనుండి చెప్పిన మాట, చోటు చోట చేతులు మాఱుచు పైకి వచ్చుసరికి, 12 మంది జీవించియున్నారని వినబడెను. చర్చివద్ద కాచుకొనియున్న కుటుంబములు గంటలు మ్రోగించి సంతోషించినవి. నిజము వారికి చేరుసరికి సుమారు మూడుగంటలు పట్టెను, బ్రదికినవాడు ఒక్కడే. ఆ యేడాదియే ఆ దేశమున చట్టము చేసి, మూడేండ్లలోపల ప్రమాదానంతరము లోపలివారితో ఉభయదిక్కుల తీగలేని సంభాషణకు ఏర్పాటుండవలెనని విధించిరి.

మీలో పలువురు బడి సంఘములలో, పంచాయతీలలో ఉన్నవారు. వైఫై పని పూర్తియైనదని కాగితము తెచ్చి చేవ్రాలు అడుగుదురు. నడచి కొలిచిన నక్షా చూపుమనుడు. ఏ తేదీన కొలిచిరి, ఏ ఫోనుతో కొలిచిరి, గదులలో జనమున్నప్పుడా లేనప్పుడా అని అడుగుడు. తరువాత మీ మనుమని ఒక గదిలో నిలిపి, అతనితో ఫోనులో మాటలాడుచు గేటునుండి మెట్లమీదుగ, నీళ్ళతొట్టి వెనుకవఱకు మీరే నడువుడు. మీకు అతని మాట తెగకుండ వినబడెనా అన్నది సగమే. మీ మాట అతనికి వినబడెనా అని అతనిని అడిగి, పిమ్మట కలము తీయుడు.